కరెంటు పోయినా ఆగని ఆట

“మైకాయన పోయినాడు మ్మా.”

నిన్న మధ్యాహ్నం నాయన ఈ మాట చెప్పాడు. చిత్తూరు నుంచి తెచ్చిన సంచిలోంచి వేయించిన పెసరపప్పు, తాటిబెల్లం, అమ్మ బిడ్డకు కుట్టి పంపిన మెత్తటి చొక్కాలు ఒక్కొక్కటే తీసి పెడుతూ, ఆ వరసలోనే ఇంకొకటి తీసి పెట్టినట్టు చెప్పాడు. ఎప్పుడు, ఎట్లా అని అడగబోయేసరికి లోపల బిడ్డ లేచాడు. మిగతాది సాయంత్రం దాకా అడగలేకపోయాను.

ఈ పొద్దున నాయన బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఇంట్లో నేనూ బిడ్డే. మా ఆయనది పాకాల జంక్షన్‌లో ఉద్యోగం, ఈ వారమంతా రాత్రి డ్యూటీ. తిరుపతిలో ఈ వీధికి వచ్చి ఎన్నాళ్ళో కాలేదు, పక్కింటివాళ్ళ పేర్లు కూడా సరిగా తెలియవు. బిడ్డ ఏడిస్తే ఎందుకు ఏడుస్తున్నాడని భయం, పడుకుంటే ఇంత నిమ్మళంగా ఎందుకు పడుకున్నాడని భయం. ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి తగిలాక వచ్చి నాలుగు ముక్కలు రాస్తాను, మళ్ళీ వెళ్ళి వేలు పెడతాను. అందుకని ఇది ఒక వరసలో రాకపోవచ్చు.

మా నాయనకు చిత్తూరులో మైకుసెట్లు అద్దెకిచ్చే అంగడి ఉంది. పెళ్ళిళ్ళకు, తిరునాళ్ళకు సామాను పంపేవాడు. ఊళ్ళోకి కొత్త సినిమా వస్తే, సర్కసు వస్తే, బట్టల అంగడి తెరిస్తే, రిక్షాకు ముందొకటి వెనకొకటి బూరలు కట్టి, కాళ్ళ దగ్గర బ్యాటరీ పెట్టి వీధులు తిప్పేవాడు. ఆ రిక్షాలో కూర్చుని ఊరికి కబురు చెప్పే మనిషి మైకాయన. ఆయనకూ ఒక పేరుండేది. ఊరు దాన్ని వాడలేదు, నేనూ ఇక్కడ వాడను. మా నాయనను ఆయన అన్నా అనేవాడు కాబట్టి నేను చిన్నాయనా అని పిలిచేదాన్ని.

మైకును ఎప్పుడూ ఒట్టి చేత్తో పట్టుకునేవాడు కాదు. ఉతికిన చేతిగుడ్డ చుట్టి పట్టుకునేవాడు. మాట్లాడేటప్పుడు జనం వైపు చూసేవాడు కాదు, రిక్షా ముందు చక్రం వైపు చూసేవాడు. “వస్తున్నది... వస్తున్నది...” అని ఆగిపోయేవాడు. ఏం వస్తున్నదో చెప్పేవాడు కాదు. రిక్షా వీధి మలుపు తిరిగేదాకా చక్రం చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. చేతులకు పిండి అంటుకున్న ఆడవాళ్ళు వాకిళ్ళలోకి వచ్చేవాళ్ళు.

“ఏమొస్తా ఉండాదంట?”

“ఏమో, సెప్పకనే పాయె!”

అదేమిటో పక్క వీధిలో చెప్పేవాడు. పక్క వీధి వాళ్ళకు ముందు తెలిసిపోయిందని మా వీధివాళ్ళకు ఉడుకు. మరుసటి రోజు మా వీధిలో చెప్పి, పక్క వీధిని ఉడికించేవాడు.

మైకు కింద పెడితే మాత్రం ఆయనకు నోరు లేదు. గొంతు దాచుకునేవాడు. బుగ్గన శొంఠి ముక్క పెట్టుకుని, కావలసినవి సైగలతోనే అడిగేవాడు. మా అంగడి ఎదుటి టీకొట్టాయనకు ఇదంటే మంట.

“ఊరందరికీ అరిసి సెప్తావు. నాకాడ టీ అడగను నీ నోట్లో ముత్యాలుండాయా అబ్బా?”

ఆయన నవ్వి చెయ్యి సగం ఎత్తేవాడు. సగం గ్లాసు అని అర్థం.

సాయంత్రాలు అంగడికి వచ్చి మైకు తుడిచి పెట్టాక నేను ఉప్పు వేసిన వేణ్ణీళ్ళు ఇచ్చేదాన్ని. పుక్కిలించి, అంగడి వెనక గదిలోకి పోయి తలుపు వేసుకునేవాడు. లోపలినుంచి గిన్నె చప్పుడు ఒకటి వినిపించేది, ఒక్కరి గిన్నె చప్పుడు. ఆ గదికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. ఊళ్ళో ప్రతి ఇల్లూ ఆ గొంతును ఎరుగును. ఆ గొంతుతో ఎదురు మాట్లాడినవాళ్ళు మాత్రం లేరు. బూరకు ఎవరు బదులు చెబుతారు?

ఆయనకు ఒక నియమం ఉండేది. తాను చెప్పిన దేన్నీ తాను చూసేవాడు కాదు. సినిమావాళ్ళు రమ్మన్నా వెళ్ళేవాడు కాదు, సర్కసు గుడారం పక్కగా పోతే తల అటు తిప్పేవాడు కాదు. “సూస్తే రేప్పొద్దున సెప్పలేను” అనేవాడు.

నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక సర్కసు వచ్చింది. “కొండ నడిచి వస్తున్నది” అని ఆయన వీధి వీధీ చెప్పాడు. ఏనుగు. నేను నాయన చెయ్యి పట్టుకుని వెళ్ళాను. తీరా చూస్తే ముసలి ఏనుగు, చెవి చిరిగింది, మా ఇంటి దూలం కంటే పెద్ద ఎత్తు లేదు. ఇంటికి వచ్చేదాకా ఏడ్చి, నేరుగా ఆయన దగ్గరికి పోయాను.

“అబద్ధం సెప్పినావు చిన్నాయనా. అది కొండంత ల్యా.”

ఆయన శొంఠి ముక్క ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకు మార్చాడు.

“నిన్న రాత్రి నిద్ర పట్టిందా నీకు?”

“పట్టల్యా.”

“ఎందుకు?”

“ఏనుగు వస్తా ఉండాదని.”

“ఆ ఏనుగు ఎంత ఉండె?”

చేతులు చాపి చూపించబోయాను, చాలలేదు.

“అదీ నేను తెచ్చిన ఏనుగు. నువ్వీ పొద్దు సూసింది సర్కసోడు తెచ్చింది. వానిది సిన్నదైతే వాన్ని అడుగు. నాది బాగుండెనా లేదా సెప్పు.”

బాగుండింది. ఏడుస్తూనే ఒప్పుకున్నాను.

నా కడుపు పండిందని తెలిసినప్పటినుంచి నాకూ చాలామంది చెప్పారు. అమ్మ, పిన్నమ్మలు, బస్సులో పక్కన కూర్చున్నావిడ కూడా. బిడ్డ మొహం చూస్తే అన్నీ మరిచిపోతావన్నారు. కానుపు గదిలో బిడ్డను తెచ్చి పక్కన పడుకోబెట్టినప్పుడు నేను ఏదీ మరిచిపోలేదు. ఎర్రగా, చిన్నగా, నుదురు ముడుచుకుని ఉన్నాడు. ఆ సర్కసు ఏనుగును చూసినట్టే చూశాను. ఈ మాట ఎవరితోనూ అనలేదు. మైకాయనతో అయితే అనేదాన్నేమో. ఈ ఏనుగు ఎవరు తెచ్చిందని అడిగేవాడు.

బిడ్డ కదిలాడు, చూసి వచ్చాను.

నేను డిగ్రీ చదివే రోజుల్లో ఆటపెట్టె వచ్చింది. అప్పటికి మా వీధిలో టీవీలే ఒకటి అరా. అరక్కోణం వైపునుంచి వచ్చిన ఒక కుర్రాయన బస్టాండు వెనక ఖాళీగా ఉన్న సిమెంటు అంగడిని బాడుగకు తీసుకున్నాడు. టీవీలాంటి తెర, దాని కింద ఒక పిడి, పిడి తిప్పితే తెరమీద బొమ్మ మనం చెప్పినట్టు పోతుందట. మద్రాసులో అయితే జనం విరగబడి ఆడుతున్నారట. ఊరికి చెప్పమని మైకాయనను పెట్టుకున్నాడు.

“వస్తున్నది... వస్తున్నది... చూసే సినిమా కాదు. మీరే నడిపే సినిమా!”

ఆయన చెప్పింది ఇంతే. ఆ పెట్టెను తెచ్చే లారీ తడ దగ్గర చెడిపోయి నిలిచిపోయింది. సామాను దొరక్క ఒక వారం, వచ్చాక మంచిరోజు లేక ఇంకొన్నాళ్ళు. ఆయన రోజూ “వస్తున్నది” అంటూనే తిరిగాడు. కొత్తగా చెప్పడానికి ఏమీ లేకపోయేసరికి మిగతాది ఊరే చెప్పుకుంది. విమానం తోలవచ్చునట. మన మొహమే తెరమీద పడుతుందట. గెలిస్తే పెట్టెలోంచి చప్పట్లు వినిపిస్తాయట. మా కాలేజీలో ఆడపిల్లలం ఎవరు ముందు పోవాలని వంతులు వేసుకున్నాం. టీకొట్టాయన మాత్రం రిక్షా కనబడితే చాలు, “ఏం అబ్బా, మీ సినిమా తడకాడ పండుకొనుండాదా ఇంగా?” అని అరిచేవాడు.

ఆ రోజుల్లోనే మా నాయనకు ఇంకో గుబులు పట్టుకుంది. అంగళ్ళవాళ్ళు ఒక్కొక్కరే మనిషి వద్దంటున్నారు. ఒకసారి క్యాసెట్టులో చెప్పిస్తే రోజంతా అదే తిరుగుతుంది, గొంతు బొంగురుపోదు, దానికి టీ అక్కర్లేదు. “ఆయన సెప్తే జనం నమ్ముతారు” అనే ఒక్క మాట మీద నాయన ఇంకా ఆయన్నే పంపుతున్నాడు. ఆ నమ్మకం పోతే ఆయనకు రిక్షా ఉండదు. ఈ సంగతి నాయనకు తెలుసు, ఆయనకూ తెలుసు, వాళ్ళిద్దరి మధ్య తిరిగే నాకూ తెలుసు.

ఎట్టకేలకు పెట్టె వచ్చింది. ముహూర్తం ముందురోజు బూర బిగించడానికి ఆయన ఆ అంగడికి వెళ్ళాడు. ఓనరు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి ఆడించాడట. ఏళ్ళుగా తప్పని నియమం అక్కడ తప్పింది.

ఆ సాయంత్రం ఆయన వేణ్ణీళ్ళు పుక్కిలించలేదు. గదిలోకి పోలేదు. అంగట్లో బల్లమీద కూర్చుని మాట్లాడాడు. మైకు లేకుండా ఆయన అన్ని మాటలు మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

“నేను ఇట్లంటే ఇట్ల పోయిందన్నా. అట్లంటే అట్ల పోయింది. రాళ్ళు పడతా ఉంటాయి పైనుంచి. కింద మన బండి. నా సెయ్యి ఎట్ల తిరిగితే అట్ల తిరుగుతాది. ఇన్నేండ్లు ఊరికంతా సెప్పినా గదన్నా, యాడన్నా ఒకరు తిరిగి పలికినారా? అది పలికిందన్నా నాకు.”

నాయన ఆయన మొహం వైపు చూసి నెమ్మదిగా అన్నాడు. “మంచిదే అబ్బా. నీకు నచ్చిందని పూచీ మాత్రం పడొద్దు. అంగడోడు సెప్పమన్నది సెప్పు, అంతే. రేపు జనం తిరగబడితే వాన్ని కాదు, నిన్ను అడుగుతారు. ఉండేదొక్కటే మర్యాద నీ గొంతుకి.”

ఆయన తల ఊపాడు. మరుసటి పొద్దున వీధిలోకి రిక్షా వచ్చింది. ఈసారి ఆయన మలుపుదాకా ఆగలేదు. చక్రం వైపు చూడలేదు. తల ఎత్తి వాకిళ్ళ వైపు చూస్తూ అన్నాడు. “వచ్చింది. నేను చూశాను. నా పూచీ. ఈ సాయంత్రం ఇంటిల్లిపాదీ రండి.”

ఇంటిల్లిపాదీ వచ్చారు.

నేనూ నాయనా చేరేసరికి బస్టాండు వెనక ఖాళీ జాగా అంతా చాపలు. సినిమా అన్నాడు కదా, డేరా టాకీసుకు వచ్చినట్టు వచ్చారు. తలల్లో కనకాంబరాలు, ఒళ్ళో పిల్లలు, మూటల్లో బొరుగులు, వేయించిన శనక్కాయలు. ముసలివాళ్ళను ముందు వరసలో కూర్చోబెట్టారు. తెర ఎక్కడ కడతారని మెడలు చాచి చూస్తున్నారు.

అంగడి తలుపు తెరిచారు. లోపల ఒక పెట్టె, దాని ముందు ఒక ముక్కాలిపీట. ఒకరు కూర్చుంటే తెర ఆ ఒక్కరికే కనిపిస్తుంది. మిగతా అందరికీ కనిపించేది ఆ ఒక్కరి వీపు.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. ఒక ఆడమనిషి లేచి గుమ్మం దాకా పోయి, తొంగి చూసి, తిరిగి వచ్చింది.

“ఏముండాది అత్తా?”

“ఒకడు కూసోని గుంజుతా ఉండాడు. వాని వీపు సూడను వచ్చినామా మనము?”

నవ్వులు లేచాయి. తర్వాత అవి నవ్వులుగా ఉండలేదు. పూచీ పడిన మనిషి ఎక్కడ అన్నారు. టీకొట్టాయన చాపమీదినుంచే అరిచాడు. “రా అబ్బా, వచ్చి సెప్పు! మమ్మల్నెందుకు పిలిస్తివి?”

మైకాయన అంగడి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిగుడ్డ చుట్టిన మైకు చేతిలోనే ఉంది. జీవితంలో మొదటిసారి ఆయనకు తాను పిలిచిన జనం ఎదురుగా కూర్చుని ఉన్నారు. నాయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఈ ఒక్క సాయంత్రంతో అయిపోయిందని నాయన అనుకున్నాడని ఆ చేతిలో నాకు తెలిసింది.

ఆయన గుమ్మానికి అడ్డంగా తిరిగాడు. ఒక కన్ను లోపలి తెర మీద, ఒక కన్ను చాపల మీద. మైకు ఎత్తాడు. ఆయన మైకులో ఎప్పుడూ పుస్తకాల భాషే మాట్లాడేవాడు. ఆ రోజు మాత్రం ఇంటి మాటే వచ్చింది.

“మన బండి బయల్దేరతా ఉండాది. చిత్తూరు నుంచి పుత్తూరుకు. ముందు సీట్లో ఒకాయన కూసోనుండాడు. పాపం, సెయ్యి ఇరిగింది. కట్టు కట్టించుకోను పోతా ఉండాడు.”

అప్పుడు వెనక చాపమీదినుంచి ఎవరో అడిగారు.

“ఎట్ల ఇరిగింది?”

ఆయన మాటకు జనంలోంచి తిరిగి మాట రావడం అదే మొదలు.

“పెండ్లాం వద్దంటా ఉంటే ఇనకుండా టెంకాయ చెట్టెక్కినాడు.”

ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా నవ్వారు. “అట్లే కావాల!” అంది ఒకావిడ.

అక్కడినుంచి ఆట మారిపోయింది. తెరమీద ఒక పచ్చ ముక్క, పైనుంచి పడే తెల్ల ముక్కలు. చాపల మీద మాత్రం కనుమ దారి, వాన, దొర్లే బండరాళ్ళు, టమాటా గంపతో ఎక్కిన అవ్వ, నిద్రపోతున్న కండక్టరు. ఆడేవాడు రాయికి తగిలి ఓడిపోతే, “పంక్చరైంది. దిగండి, ఎనక బండి వస్తా ఉండాది, అవ్వ గంప ఎవురన్నా పట్టుకోండబ్బా” అనేవాడు. ఇంకొకడు వచ్చి కూర్చునేవాడు. వాడూ రాయికి తగిలేవాడు. కుర్రాళ్ళందరూ పిడిని విరిచేసేటంత జోరుగా తిప్పుతున్నారు. చెయ్యి విరిగినాయన కనుమ దాటడం లేదు. జనం అసహనంగా కదిలారు. “ఈ జన్మలో సేరతాడా పుత్తూరు?” అని ఒకరు, “ఆ సెయ్యి దానంతటదే అతుక్కుంటాది పో” అని ఒకరు.

ఆయన జనంలోకి చూసి నన్ను పిలిచాడు.

“పాపా, నువ్వు తోలు.”

“నాకు భయం చిన్నాయనా.”

“అందుకే. భయపడేవాళ్ళే కనుమలో తోలాల.”

వెళ్ళి కూర్చున్నాను. పిడి చల్లగా ఉంది. కొంచెం తిప్పితే కొంచెం కదిలింది. ఆయన చెప్పింది నిజమే, అది పలికింది. నేను దేన్నయినా ఇటు రమ్మంటే ఇటు వచ్చిన సందర్భం అప్పటిదాకా నా జీవితంలో లేదని ఆ పీటమీద కూర్చున్నాకే తెలిసింది. రాళ్ళు పడుతున్నాయి, తప్పించుకుంటున్నాను. వెనక ఆయన గొంతు, దాని వెనక జనం ఊపిరి.

కరెంటు పోయింది.

తెర ఒక చుక్కగా ముడుచుకుని ఆరిపోయింది. బస్టాండు దీపాలు, వీధి దీపాలు అన్నీ పోయాయి. చీకట్లో పిల్లలెవరో ఏడుపు అందుకున్నారు. నేను లేవబోయాను. మైకు పక్కకు తిప్పి, నాకు మాత్రమే వినిపించేటట్టు ఆయన అన్నాడు.

“లేయొద్దు పాపా.”

మైకుకు ఉన్నది బ్యాటరీ. అది కరెంటును నమ్ముకున్నది కాదు.

“సీకటి పడింది కనుమలో,” అన్నాడు బూరలోంచి. “లైట్లు పోయినాయి బండికి. తోలే బిడ్డ బండి నిలపల్యా. మెల్లిగా పోనిస్తా ఉండాది. ఎడం పక్క లోయ. అవ్వా, కండ్లు మూసుకో. కుడి పక్క రాయి... పోయింది, తగల్లేదు. ఇంగొకటి... పోయింది.”

నా చేతుల్లో ఆట చచ్చిపోయి ఉంది. నా వెనక మాత్రం నేను ఇంకా ఆడుతూనే ఉన్నాను. నల్లటి తెర ముందు కూర్చుని ఆయన కుడి అన్నప్పుడు కుడికి, ఎడమ అన్నప్పుడు ఎడమకు పిడి తిప్పాను. ఎందుకు తిప్పానో తెలియదు. ఎవరికీ కనిపించదు. ఏడ్చే పిల్లలు ఎప్పుడో మానేశారు.

“అదో దీపాలు,” అన్నాడు చివరికి. “పుత్తూరు. దిగు నాయనా, దిగు. జాగర్త, ఆ సెయ్యి కాదు, ఈ సెయ్యి పట్టుకో.”

చీకట్లో చప్పట్లు మొదలయ్యాయి. అవి ఇంకా ఆగకముందే ఒక కుర్రవాడి గొంతు లేచింది. “కరెంటే లేదు, ఆట యాడ ఆడింది రా?”

ముందు చాపమీది ముసలావిడ గయ్‌మంది. “ఉండ్రా నీ పాసుగూల! పుత్తూరు సేరినాడు గదా, నీకేమి నొప్పి?”

ఆయన పూచీ నిలిచిందా పోయిందా అంటే నేను చెప్పలేను. ఊరు రెండు ముక్కలైంది. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు అంత మంచి ఆట చూడలేదన్నారు, చూడకుండానే. కుర్రవాళ్ళు మోసమన్నారు. ఆ తర్వాత ఆయన ఏది చెప్పినా టీకొట్టాయన అడిగేవాడు. “ఈసారి సాప తెచ్చుకోవాల్నా అబ్బా?” ఊరంతా ఆ మాట పట్టుకుంది. కొన్నాళ్ళకు ఓనరు పెట్టెను లారీకెక్కించి ఇంకో ఊరికి తీసుకుపోయాడు.

ఆ పెట్టె ఆయన ఊరించినంత గొప్పదా అని ఇప్పుడు ఎవరైనా అడిగితే నా జవాబు ఇది. పీటమీద కూర్చున్న ఒక్కరికి ఆయన చెప్పిందంతా నిజం. చాపలమీద కూర్చున్నవాళ్ళకు అబద్ధం. ఒక్కొక్కరే పోయి చూడవలసినదాన్ని అందరినీ కలిపి పిలిచాడు. ఆయన తప్పు అంతే. పాపం, ఒంటరిగా చూసి వచ్చినవాడు ఇంకేం చేస్తాడు?

మరునాడు వేణ్ణీళ్ళు ఇస్తూ అడిగాను. “ఆట నిలిచిపోయింది గదా చిన్నాయనా, ఎందుకు సెప్తా పోయినారు?”

“నువ్వు లేయకపోతివి గదా.”

“మీరు లేయొద్దన్నారు.”

“అంటే మాత్రం? లేసి పోయుండచ్చు. నీ సేతులు పిడి మీదనే ఉండె. తోలేవాళ్ళు కూసోనుంటే బండి నిలిచిపోయినట్టు గాదు పాపా.”

నాకు పెళ్ళయి తిరుపతి వచ్చేలోపలే ఆయన రిక్షా ఆగిపోయింది. ఒక పట్టుచీరల అంగడివాళ్ళు ఆయన చేతే ఒక క్యాసెట్టు చెప్పించుకున్నారు. ఆ తర్వాత ఆయన అక్కర్లేకపోయింది. పుట్టింటికి వెళ్ళినప్పుడు చూసేదాన్ని. మా అంగడి ముందు బల్లమీద కూర్చుని ఉండేవాడు, ఆయన గొంతు ఆటోలో వీధి వెంట పోయేది. “వస్తున్నది... వస్తున్నది...” ఆయన తల తిప్పి, అది మలుపు తిరిగేదాకా చూసేవాడు. “నేను పోతా ఉండా సూడు” అన్నాడు నాతో ఒకసారి, నవ్వుతూనే.

నిన్న సాయంత్రం నాయన మిగతాది చెప్పాడు. జ్వరమట. గిన్నె చప్పుడు లేదని పొద్దున తలుపు తీసి చూశారట.

“ఊరికి సెప్పాల గదమ్మా. ఆయన్ను తెలీనోళ్ళు ఎవురుండారు? రిక్షాకు బూరలు కట్టించినా. బ్యాటరీ పెట్టినా. నేనే కూసున్నా. మైకు ఎత్తితే నోరు రాలా. ఎట్ల మొదులు పెట్టాలో తెలీల్యా నాకు. వీధి మలుపుదాకా పోయి తిరిగొచ్చేసినా.”

“క్యాసెట్టు?”

“ఉండేది ఆ చీరలంగడిది. దాన్నెట్ల ఏసేది?”

ఆ వీధి వాళ్ళు కొందరే వచ్చారట. టీకొట్టాయన కొత్త చాప ఒకటి తెచ్చి పరిచాడట.

నాయన అది చెబుతుండగానే కరెంటు పోయింది. అప్పటికింకా అన్నాలు కూడా తినలేదు. లోపలి గదిలో బిడ్డ గుక్కపట్టాడు. తడుముకుంటూ వెళ్ళి ఉయ్యాల పట్టుకున్నాను. పాలిచ్చాను, భుజాన వేసుకున్నాను, మళ్ళీ ఉయ్యాలలో వేశాను. కడుపునొప్పో, ఉక్కపోతో, నా చెయ్యి నచ్చలేదో. నాకు వాడి మొహం కనిపించడం లేదు. చీకట్లో ఉయ్యాల తాడు ఊపుతూ నిలబడ్డాను. బిడ్డను చూడటానికి వచ్చినవాళ్ళందరూ గుర్తొచ్చారు. పండ్లు తెచ్చారు, దీవించారు, గుమ్మంలోంచి నా వీపు చూసి వెళ్ళిపోయారు. నా వెనక నిలబడి తగల్లేదు, పోయింది అని చెప్పే గొంతు లేదు. ఇక ఎక్కడా లేదు.

బయటి గదిలోంచి నాయన పిలిచాడు.

“పండుకున్నాడా మ్మా?”

పడుకున్నాడు నాయనా అందామనుకున్నాను. ఎవరు అడిగినా రోజూ చెప్పే జవాబు అదే.

“ల్యా నాయనా. ఇంగా కనుమలోనే ఉండాము.”

నాయనకు అర్థం కాలేదనుకున్నాను. తర్వాత గొంతు సవరించుకోవడం వినిపించింది. మైకు ముందు రాని గొంతు, తడబడుతూ వచ్చింది.

“లోయ... ఏ పక్క ఉండాది మ్మా?”

“ఎడం పక్క.”

“సరే. మెల్లిగా పోనీ. నేను మేలుకోనే ఉండా.”